యజమాని చేతికే పలికే కారు

పాత యంత్రానికి తన యజమాని చెయ్యి తెలుస్తుందని లోకంలో చాలామంది నమ్మకం. అత్తగారు తొక్కినన్నాళ్లూ సాఫీగా సాగిన కుట్టుమిషను కోడలు తొక్కేసరికి దారం తెంపుతుంది. తాతగారు కీ ఇచ్చినన్నాళ్లూ నడిచిన గోడగడియారం ఆయన పోగానే మొరాయిస్తుంది. ఇక పాత కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికి అలకలుంటాయి, అభిమానముంటుంది, పరాయివాడు స్టీరింగు పట్టుకుంటే కదలనంటుంది. ఈ మాటలు చెప్పేవాళ్లు అమాయకులనుకుంటే పొరపాటు. వాళ్లలో ఇంజనీర్లున్నారు, సర్జన్లున్నారు, బోనులో సాక్షిని మూడు చెరువుల నీళ్లు తాగించే వకీళ్లున్నారు. తమ వృత్తిలో రుజువు లేనిదే అడుగు ముందుకు వెయ్యని ఈ పెద్దమనుషులంతా కారు షెడ్డులోకి వచ్చేసరికి బుద్ధిని గొడుగుతో పాటు గుమ్మం దగ్గర వదిలేస్తారు.

కొలతలాయనకు ఈ నమ్మకం పేరెత్తితే ఒళ్లు మండేది.

ఆయన అసలు పేరు గేటు మీద చెక్కి ఉంది గానీ వీధిలో దాన్నెవరూ వాడరు. తూనికలు కొలతల శాఖలో అధికారిగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమున్నన్నాళ్లూ బజార్లలో తక్కెడలు తిరగేసి చూడడం, తూకపు రాళ్ల అడుగున ఎవరు ఎంత తొలిచారో పట్టుకోవడం, పెట్రోలు బంకులో లీటరు లీటరేనా అని కొలవడం, ఇదే పని. కిలో రాయి కిలో ఉండాలి. దాన్ని పట్టుకున్నవాడు పుణ్యాత్ముడా, దొంగా అన్నది రాయికి తెలియదు. వస్తువు మనిషిని ఎరగదన్న ఈ ఒక్క సూత్రం మీదే ఆయన తన ఉద్యోగాన్నీ, తన పుస్తకాల బీరువానూ, బంధువులతో వాదనలన్నిటినీ నిలబెట్టుకున్నాడు.

అలాంటి మనిషి ఇంట్లో ఇంగ్లండులో తయారైన పాత స్పోర్ట్స్ కారు ఉంది. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, సైకిలు చక్రాల్లా ఊచలున్న చక్రాలు, మనిషి పడుకునేంత పొడుగు బానెట్. దాన్ని చేసిన కంపెనీ చిన్నది. కొన్ని కార్లు చేసి, అప్పుల్లో మునిగి, మూతపడింది. ఆ కొన్నింటిలో ఈ దేశానికి వచ్చినది ఇదొక్కటేనని తెలిసినవాళ్లంటారు. ఒక ముసలి కాంట్రాక్టరు పెరటిలో, సున్నం బస్తాల కింద పడి ఉన్నదాన్ని ఆయన నడివయసులో తెచ్చుకున్నాడు. అప్పటినుంచి ఆదివారాలన్నీ దానికే ధారపోశాడు.

ధారపోసింది ప్రేమేనని చెప్పలేం. చాలావరకు చిరాకు. ఊరి బజార్ల నుంచి అంగుళాలనూ పౌన్లనూ తరిమేసిన మనిషి షెడ్డులో ఇప్పుడు అంగుళాల స్పానర్లు వరసగా వేలాడుతున్నాయి. దాన్ని చేసిన మహానుభావులు ఒకే ఇంజనుకు మూడు రకాల మరలు వాడారు. ఒకదాని బోల్టు ఇంకోదాని నట్టులోకి మొదట తియ్యగా ఎక్కుతుంది, తరవాత బిగుసుకుంటుంది, ఆ తరవాత మర కొరికేసి చేతిలోకి ఊడి వస్తుంది. ఇంజను నూనె కారడం మామూలే. కింద పళ్లెం పెట్టాలి. టాపు వేస్తే వాన లోపలికి వస్తుంది, తీస్తే నయం, కనీసం వానొస్తున్నట్టు ముందే తెలుస్తుంది. ఒక్క రబ్బరు వాషరు కావాలంటే సముద్రాలు దాటి పోస్టులో రావాలి, వచ్చినది ఎడమవైపుదై ఉంటుంది, మనకు కావలసింది కుడివైపుది.

"బావగారూ, ఈ కారుకి మీరు నూనె పోస్తున్నారా, తలంటు పోస్తున్నారా?" అనేవాడు బావమరిది. ఆయన భార్యకు తమ్ముడు, బీమా ఏజెంటు, పక్కవీధిలో ఉంటాడన్న మాటే గానీ, ఎప్పుడూ వీళ్ల వరండాలోనే ఉంటాడు.

"నీ నోరు నూనె లేకుండానే బాగా తిరుగుతోంది గదా, దాని మర ఏ కొలతో చెప్పు, నోట్ చేసుకుంటాను," అనేవాడు కొలతలాయన.

ఇన్ని తిప్పలు పెట్టినా ఒక్క విషయంలో కారు ఆయనకు ఎన్నడూ ఎదురుచెప్పలేదు. సీట్లో కూర్చుని, డ్యాష్‌బోర్డు మధ్యలో ఉన్న తాళంచెవి తిప్పి, పక్కన మీట లాగితే చాలు, ఇంజను ఒక దగ్గు దగ్గి అందుకునేది. అంతవరకూ ఆ సీట్లో మరెవరూ కూర్చోలేదు గనక ఇందులో వింత ఉందని ఎవరికీ తోచలేదు.

కంటి డాక్టరు పుణ్యమా అని తోచింది.

"ఎదురుగా ఉన్నది బ్రహ్మాండంగా చదువుతున్నారు. పక్కచూపే పోయింది," అన్నాడు డాక్టరు దీపం ఆర్పేసి. "పక్క సందులోంచి పిల్లాడు సైకిలు మీద వస్తే మీకు కనపడడు. బండి నడపడం ఇవాళ్టితో సరి."

ఎంత శాతం పోయింది, ఏ పరికరంతో కొలిచారు, ఆ పరికరాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారు అని కొలతలాయన అడిగాడు. డాక్టరు ఓపిగ్గా అన్నిటికీ జవాబు చెప్పాడు. జవాబులన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే ఆయనకు మరీ కష్టమనిపించింది.

ఇంటికొచ్చాక భార్య ఆ సంగతి పెద్ద విషయం చెయ్యలేదు. ఆవిడ ఆస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైంది. వార్డులో రోగుల్నీ, కుర్ర డాక్టర్లనీ ఒకే చూపుతో దారిలో పెట్టిన మనిషి. తన చిన్న కారు తానే నడుపుకుంటుంది.

"దాన్దేముందండీ, నేను నడుపుతాను. మీరు పక్కన కూర్చోండి. ఇన్నేళ్లూ నేను కూర్చోలేదూ?" అంది.

ఆయన ప్రాణం లేచి వచ్చింది. మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపులు బార్లా తీశాడు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, తాళంచెవి తిప్పి, మీట లాగింది. ఇంజను గిరగిరా తిరిగింది. అందుకోలేదు. మళ్లీ లాగింది. తిరిగింది, అంతే.

"దిగు, చూస్తాను," అని ఆయన కూర్చున్నాడు. ఒక దగ్గు, అందుకుంది.

ఆపి, దిగి, ఆవిణ్ని కూర్చోబెట్టాడు. తిరిగింది, అందుకోలేదు. ఆయన కూర్చున్నాడు. అందుకుంది.

వరండాలోంచి కాఫీ కప్పుతో ఈ తతంగమంతా చూస్తున్న బావమరిది చల్లగా అన్నాడు. "అది మీ చేతికే పలుకుతుంది బావగారూ. మూగజీవం లాంటిది. అక్క కొత్త కదా."

"ఇనుముకి మూగా లేదు, జీవమూ లేదు. ఎక్కడో తీగ తెగింది."

"తీగ తెగితే మీకూ పలకకూడదుగా?"

జవాబు లేని ప్రశ్న బావమరిది నోట రావడం కొలతలాయన జీవితంలో అదే మొదలు.

మెకానిక్‌ను పిలిపించారు. పాత బండ్ల పనిలో ఊళ్లో ఆయనకు పేరుంది. పనిలో తీరూ ఉంది, ఒక ఆచారమూ ఉంది: ఎప్పుడూ బయట నిలబడే, తెరిచిన తలుపులోంచి వంగి తాళంచెవి తిప్పుతాడు, మాసిన బట్టలతో ఓనరు సీట్లో కూర్చోడు, రిపేరు పూర్తయ్యాక మాత్రం మొదట ఓనరే కూర్చుని స్టార్టు చెయ్యాలంటాడు.

"ముందు మీ చెయ్యి పడాలి సార్. అది మా పద్ధతి."

బయటినుంచి తిప్పి చూశాడు. నిప్పురవ్వ రావడం లేదన్నాడు. ప్లగ్గులు మార్చాడు. "ఇప్పుడు కూర్చోండి సార్." ఆయన కూర్చున్నాడు, అందుకుంది. ప్లగ్గులదే తప్పని తేలింది. మర్నాడు భార్య కూర్చుంది, అందుకోలేదు. పాయింట్లు మార్చాడు. "కూర్చోండి సార్." అందుకుంది. పాయింట్లదే తప్పు. మర్నాడు భార్య కూర్చుంది. కండెన్సర్ మారింది, కాయిల్ మారింది, ప్రతిసారీ పాత సామాను నేరస్థుడిలా బయటికి వచ్చింది, ప్రతిసారీ సారుగారి చెయ్యి పడింది, ప్రతిసారీ ఆ మర్నాడు భార్య సీట్లో కూర్చుని మీట లాగి, కిందికి దిగి, చేతులు దులుపుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. చివరికి మెకానిక్ తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఇంక మార్చడానికేం లేదు సార్, ఓనర్నే మార్చాలి. చెప్తే మీరు తిడతారు గానీ, కొన్ని బండ్లంతే. చెయ్యి తెలుస్తుంది వాటికి."

కొలతలాయన తిట్టలేదు. తిట్టడానికి కూడా ఏదో ఒక ఆధారం ఉండాలి.

ఈ మధ్యలో హోటలు యజమాని ఒకడు వచ్చాడు. ఊరి చివర పెద్ద హోటలు కట్టిస్తున్నాడు, మెట్లెక్కి రాగానే హాల్లో ఏదైనా కళ్లు చెదిరే వస్తువు ఉండాలని అతని కోరిక. కారు చుట్టూ తిరిగి, చక్రాల ఊచలు నిమిరి, మురిసిపోయాడు.

"చుట్టూ తాడు కట్టి, పైన లైట్లు పెడతాం సార్. ఇంజను తీసేస్తాం, అది ఉంటే గచ్చు మీద నూనె మరకలు. మీ ఇంట్లో కంటే అక్కడే సుఖంగా ఉంటుంది."

ఆ మాట విన్నప్పటినుంచి కొలతలాయనకు అన్నం సయించలేదు. భార్య అది గమనించింది. కాని జాలిపడి ఊరుకునే స్వభావం కాదు.

"చూడండి," అంది భోజనాల దగ్గర, తమ్ముడు వినేటట్టుగానే. "కదలని కారు ఒకటి షెడ్డులో, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కదలని మనిషొకరు. రెంటినీ నేనే తుడవాలా? రవాణా ఆఫీసులో కారు ఫిట్‌నెస్ పరీక్ష దగ్గరికొచ్చింది. ఆ రోజు నేను స్టార్టు చేస్తాను, నేనే తీసుకెళ్తాను, నేనే తెస్తాను. మీరు పక్కన కూర్చోండి, కానీ తాళంచెవి మీద మీ వేలు పడకూడదు. పడిందా, సాయంత్రం ఆ హోటలాయన్ని రమ్మంటాను. మీ చేతికి తప్ప పలకని బండి, మీరు నడపలేని బండి, ఇంక నాకెందుకు?"

"న్యాయంగానే ఉంది," అన్నాడు బావమరిది పెరుగు వడ్డించుకుంటూ.

"నిన్నెవరడిగారు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ పూటనుంచి కొలతలాయన పరీక్షలకు దిగాడు. శత్రువు ఎదురుగా ఉంటే ఆయనకు ఉత్సాహం ఉండేది. ఇక్కడ శత్రువు తన గెలుపే. కూర్చున్న ప్రతిసారీ కారు అందుకుంటోంది. ఆయన చిన్నప్పటినుంచి ఏ మాటను ఎగతాళి చేశాడో ఆ మాటకే ప్రతిసారీ సాక్ష్యం చెప్పినట్టవుతోంది. స్టార్టయిన ఇంజను ముందు అంత దిగాలుగా కూర్చున్న మనిషిని ఆ వీధి అంతకుముందు చూడలేదు.

భార్య కాలుతో తొక్కే తీరు తప్పేమోనని ఆవిడ పాదం పక్కన పడుకుని గమనించాడు. మీట లాగే వేగం తేడా ఏమోనని ఆవిడ చేతి మీద తన చెయ్యి పెట్టి లాగించాడు. అందుకోలేదు.

"చేతి మీద చెయ్యి పెట్టినా పలకలేదు చూశారా, మీరు మనసు పెట్టలేదు," అన్నాడు బావమరిది.

"నువ్వు దిగి రా. నువ్వు కూర్చో."

బావమరిది సీట్లో ఇమిడేసరికి కారు ఒక పక్కకు ఒరిగింది. పొట్టి కాళ్లు, పెద్ద బొజ్జ. స్టీరింగు బొజ్జలో దిగబడింది. మీట లాగాడు. అందుకోలేదు. ఇరుక్కుపోయిన తమ్ముణ్ని అక్క రెండు చేతులూ పట్టి లాగితే గాని బయటికి రాలేదు.

ఆ హడావుడిలో తలుపు తెరిచే ఉంది. కొలతలాయన చిరాగ్గా బయటినుంచే వంగి, మెకానిక్ లాగానే, తాళంచెవి తిప్పి మీట లాగాడు.

ఇంజను తిరిగింది. అందుకోలేదు.

ఆయన నిటారుగా నిలబడ్డాడు. మళ్లీ వంగి, మళ్లీ లాగాడు. అందుకోలేదు. ముఖంలోకి కళ వచ్చింది.

"దీనికి నా చెయ్యి కూడా తెలియదు," అన్నాడు. అంత సంతోషంగా ఆ మాట ఎవరైనా అంటారని భార్య అనుకోలేదు.

"ఏం జరిగిందిప్పుడు?"

"చెయ్యి అదే, తాళంచెవి అదే, కారు అదే. కూర్చుంటే వస్తుంది, నిలబడితే రాదు. అంటే చెయ్యి కాదు, కూర్చోవడం. మీరిద్దరూ కూర్చున్నా రాలేదు గనక బరువూ కాదు. నేను కూర్చున్నప్పుడు నాలో ఏదో ఒకటి ఏదో చేస్తోంది."

"ఏదో ఒకటంటే?"

"అదే కనుక్కోవాలి. కూర్చుంటాను, నువ్వు చూడు. నువ్వు మనుషుల్ని చూసి చూసి ఆరితేరినదానివి. నన్ను రోగిననుకో."

"అనుకోవడమెందుకు," అని ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, తలుపు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

కొలతలాయన తాటిచెట్టంత మనిషి. ఆ కారేమో తక్కువెత్తు మనుషుల కోసం చేసినట్టుంది. సీటు ఎంత వెనక్కి జరిపినా ఆయన మోకాళ్లు పైకి లేచే ఉంటాయి. ఆయన ముందు వీపు ఆనించకుండా స్టార్టు చేశాడు, అందుకుంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని చేశాడు, అందుకుంది. కుడికాలు బయటపెట్టి చేశాడు, అందుకుంది.

"ఎడమ కాలు," అంది ఆవిడ.

"ఏం, ఎడమకాలికేం?"

"మీట లాగేటప్పుడల్లా ఎడమ మోకాలు పైకెత్తి బోర్డు కింద అదిమిపెడుతున్నారు. ఇంజను ఆపేదాకా తియ్యడం లేదు. అక్కడేముంది?"

"ఏముంటుంది, మోకాలు ఎక్కడో ఒకచోట ఉండాలిగా," అంటూనే ఆయన ఎడమకాలు కూడా బయటికి తీసి, మీట లాగాడు.

అందుకోలేదు.

ఆవిడ లేచి, వంగి, పిడికిలి బిగించి మోకాలుండే చోట బోర్డు కిందినుంచి పైకి ఒత్తింది. ఆయన మీట లాగాడు. అందుకుంది. పిడికిలి తీసింది. ఆగిపోయింది.

బోర్డు కింద తీగల కట్ట ఒకటి వేలాడుతోంది. అందులో రెండు తీగలు కలిసే చిన్న ఇత్తడి గొట్టం వదులైంది. ఇగ్నిషనుకు కరెంటు వెళ్లే దారి అది. పొడుగాటి మనిషి మోకాలు దాన్ని ఎన్నేళ్లుగానో పైకి ఎత్తి పట్టుకుంటోంది. ఆ సంగతి కారుకు తెలియదు, మోకాలికి తెలియదు, మోకాలి యజమానికి అసలే తెలియదు.

మెకానిక్ వచ్చి చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆ జాయింటు గట్టిగా అతికి, టేపు చుట్టి, కట్టను పైకి కట్టేశాడు. పద్ధతి ప్రకారం "కూర్చోండి సార్" అనబోయి ఆగిపోయాడు. హెడ్‌నర్సు కూర్చుంది. అందుకుంది. మెకానిక్ బయటినుంచి వంగి తిప్పాడు. అందుకుంది. బావమరిది కూర్చోడానికి వచ్చాడు గానీ అక్క వద్దంది.

"ఎవరు పడితే వాళ్లు తిప్పితే పలికితే, ఇంక పాత బండెందుకు సార్?" అన్నాడు మెకానిక్ సామాన్లు సర్దుకుంటూ. ఆయన బాధ నిజమైనదే.

ఫిట్‌నెస్ పరీక్ష రోజున ఎండ దంచేస్తోంది. ఆవిడ మొదటి లాగుడుకే స్టార్టు చేసింది. పక్క సీట్లో కొలతలాయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు, అలవాటు కొద్దీ ఎక్కడికైనా పోతాయేమోనని. దారి పొడుగునా ఊరుకున్నాడా అంటే, చేతులే ఊరుకున్నాయి.

"గేరు మార్చు. ఇంకొంచెం ముందే మార్చాల్సింది. ఆ శబ్దం వినిపించడం లేదూ?"

"మీ శబ్దంలో దాని శబ్దం ఎక్కడ వినిపిస్తుందండీ?"

రవాణా ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ తిరిగి, కింద పడుకుని చూసి, బ్రేకులు వేయించి, హారను కొట్టించి, లైట్లు వెలిగించమన్నాడు. ఒక లైటు వెలగలేదు. కొలతలాయన దిగి దాని మీద గట్టిగా ఒకటి చరిస్తే వెలిగింది. ఇన్‌స్పెక్టరు నవ్వి సంతకం పెట్టాడు. ఆవిడ స్టార్టు చేసింది. అంతా సవ్యంగానే ఉంది, ఇంటిదారి పట్టారు.

పెద్ద కూడలిలో సిగ్నలు పడింది. ముందు బస్సు, వెనక లారీ, పైన ఎండ. ఉష్ణోగ్రత ముల్లు పైకి పాకింది. పచ్చలైటు వెలిగేసరికి ఇంజను రెండుసార్లు గుటకలు మింగి ఆగిపోయింది.

ఆవిడ మీట లాగింది. తిరిగింది, అందుకోలేదు.

వెనక లారీ హారను మొదలుపెట్టింది. దానికి తోడుగా మిగతావన్నీ అందుకున్నాయి. టైర్ల కొట్టాయన బయటికొచ్చి, బస్సు కండక్టరు దిగి, ఇంకెవరెవరో కలిసి కారును రోడ్డు వారకు నెట్టారు. నెట్టినవాళ్లెవరూ వెళ్లలేదు. అలాంటి కారును ఎవరూ అంత దగ్గర చూడలేదు.

"ఓనరెవరు సార్, మీరా?" అన్నాడు టైర్ల కొట్టాయన. "మరి మీరు కూర్చోండి. పాత బళ్లు ఓనరు కూర్చుంటేనే కదుల్తాయి. మా నాన్న స్కూటరంతే."

"పెట్రోలు మరుగుతోందయ్యా," అన్నాడు కొలతలాయన బానెట్ ఎత్తుతూ. "పైపు వేడెక్కి లోపల ఆవిరి బుడగ పట్టింది. చల్లారితే దానంతటదే పోతుంది. ఇందులో ఓనరు చేసేదేమీ లేదు."

"చల్లారేదాకా ఎందుకు, మీరు కూర్చుంటే పోలా?" అన్నాడు కండక్టరు.

ఆయన చేతిరుమాలు తీసి, కొట్టాయన కుండలోని నీళ్లలో ముంచి, పెట్రోలు పైపు చుట్టూ చుట్టాడు. చుస్సుమంది. భార్య సీట్లోంచి చూస్తోంది. చెమటతో జుట్టు నుదుటికి అంటుకుపోయింది. మళ్లీ మీట లాగింది. లేదు.

"తొందరపడకు. ఇంకా వేడిగానే ఉంది."

"ఎంతసేపు?"

"చెప్పలేను. ముట్టుకుంటే చెయ్యి నిలవాలి."

ఆవిడ చుట్టూ చూసింది. జనం పెరిగారు. ఎవడో ఫోను తీసి ఫొటో కూడా పట్టాడు. ఆవిడ గొంతు తగ్గించి, ఇంట్లో ఎన్నడూ లేనంత మెత్తగా అంది: "ఏమండీ. ఒక్కసారి కూర్చోండి. నడపొద్దు. స్టార్టు చేసి దిగిపోండి. నేనేమీ అనుకోను, ఆ మాట పట్టించుకోను. నాకు సిగ్గుగా ఉంది."

కొలతలాయన పైపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఇంకాస్తలో చల్లారుతుందని చేతికి తెలుస్తోంది. ఇప్పుడు తను సీట్లోకి వెళ్లి, చోటు మారి, చోక్ సరిచేసి మీట లాగేలోపు ఎలాగూ చల్లారుతుంది. స్టార్టవుతుంది. ఈ కూడలిలో ఉన్న ప్రతివాడూ ఇంటికెళ్లి ఆ కథే చెబుతాడు. వాళ్లు చెబితే చెప్పనీ, ఆవిడ కూడా లోపల ఎక్కడో ఆ కథే నమ్ముతుంది. పైకి ఏమీ అనదు. ఇంకోసారి ఆగినప్పుడు పక్కకు చూసి ఆయన కోసం వెతుకుతుంది. అప్పుడు కారు షెడ్డులో ఉన్నా హోటల్లో ఉన్నా ఒకటే.

"నేను కూర్చోను," అన్నాడు.

"ఏమిటండీ ఈ మంకుపట్టు, నడిరోడ్డు మీద?"

"మంకుపట్టే. తిట్టు. తిడుతుంటే ఈలోగా చల్లారుతుంది."

ఆవిడ తిట్టింది. ఆస్పత్రిలో నేర్చినవి కొన్ని, పుట్టింటివి కొన్ని. ఆయన తల వంచుకుని విన్నాడు. వింటూ రుమాలు విప్పి, మళ్లీ తడిపి, మళ్లీ చుట్టాడు. టైర్ల కొట్టాయన "పాపం, ఆవిడ చెప్పింది న్యాయమే సార్," అన్నాడు. కండక్టరును వాళ్ల డ్రైవరు పిలిచి తీసుకుపోయాడు. చివరికి పైపు మీద ఆయన చెయ్యి నిలిచింది.

"ఇప్పుడు లాగు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి లాగు."

ఆవిడ తొక్కిపట్టి లాగింది. తిరిగింది, తిరిగింది, దగ్గింది, నల్లటి పొగ కక్కి అందుకుంది. జనం కేకలేశారు. ఆయన బానెట్ మూసి కొక్కెం బిగించేలోపు పచ్చలైటు పడింది.

"ఆపకు," అని అరిచాడు ఆయన. "ఆపితే మళ్లీ వేడెక్కుతుంది. పోనీ."

"మీరు ఎక్కండి."

"నాకోసం ఆపకు. పోనీమన్నానా."

ఆవిడ గేరు వేసింది. ముదురాకుపచ్చ కారు కూడలి దాటి, వంతెన ఎక్కి, బస్సుల మధ్య కనపడకుండా పోయింది. కొలతలాయన నల్లబడిన రుమాలు పిండుకుని బస్సు స్టాపుకు నడిచాడు. ఆయన వైపు వెళ్లే బస్సు నిండుగా వచ్చింది. నిలబడే వెళ్లాడు.

ఇంటికి చేరేసరికి షెడ్డు తలుపులు వేసి ఉన్నాయి. వరండాలో హోటలు యజమాని, బావమరిది ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. భార్య ముఖం కడుక్కుని బయటికొచ్చింది.

"సాయంత్రానికి రమ్మని ముందే చెప్పి మిమ్మల్ని శ్రమపెట్టాను, ఏమనుకోకండి," అంది హోటలు యజమానితో. "కారు అమ్మడం లేదు."

"అదేంటమ్మా, సారుకి చూపు లేదు, మరి ఎవరు నడుపుతారు?"

"నేను."

"దారిలో ఆగిందని మీ తమ్ముడుగారు అన్నారుగా?"

"ఆగింది. మళ్లీ స్టార్టు చేసుకున్నాను."

అతను వెళ్లిపోయాక బావమరిది గొంతు సవరించుకున్నాడు. "నేను చెప్పలేదూ బావగారూ, అలవాటు పడితే చాలని. దానికిప్పుడు అక్క చెయ్యి తెలిసిపోయింది."

కొలతలాయన కుర్చీలో కూలబడి చెప్పులు విప్పుకున్నాడు. భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. షెడ్డులో కారు కింద పళ్లెం పెట్టావా అని అడిగాడు. పెట్టానంది.

ఆ రోజు కారును ఇంటి దగ్గర, రవాణా ఆఫీసులో, కూడలిలో, మూడు చోట్లా భార్యే స్టార్టు చేసింది. ఆయన తాళంచెవి ముట్టుకోలేదు. ఫిట్‌నెస్ పరీక్ష పాసయింది. కారు అమ్మలేదు.